19వ స్థానం నుంచి పతకం దాకా.. ఫిగర్ స్కేటింగ్‌ని స్టేడియంలో కూర్చుని చూస్తే ఏం తెలుస్తుంది?

ఫిగర్ స్కేటింగ్ అంటే ఫోన్‌లో చూసేవాళ్లకు తెలిసింది పది, పదిహేను సెకన్ల క్లిప్పే. మంచు మీద ఒక కుర్రాడు వేగంగా వస్తాడు.. గాల్లో గిర్రున తిరుగుతాడు.. ఒంటికాలి మీద దిగుతాడు. జనం అరుస్తారు. లైక్ కొట్టి తర్వాతి వీడియోకి వెళ్లిపోతాం.

కానీ ఆ క్లిప్‌లో కనిపించేది ఒక్క జంప్ మాత్రమే. పోటీ ఏంటో తెలియాలంటే మొదటి స్కేటర్ దిగినప్పటి నుంచి చివరి స్కోరు పడేదాకా కూర్చోవాలి. ఈ మాట ఎందుకంటే.. 2024 మార్చిలో కెనడాలోని మాంట్రియల్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ జరిగింది. పురుషుల ఫైనల్ రోజు "స్టార్లు ఎలాగూ చివర్లోనే కదా వచ్చేది" అని ఆలస్యంగా సీట్లోకి వచ్చినవాళ్లు, కాంస్య పతకం తెచ్చిపెట్టిన ప్రదర్శనను చూడనే లేదు. అది మొదటి గ్రూప్‌లోనే అయిపోయింది!

అసలేం జరిగింది?

పురుషుల సింగిల్స్‌లో ప్రతి స్కేటర్ రెండుసార్లు దిగుతాడు. మొదటిది షార్ట్ ప్రోగ్రామ్. సుమారు 2 నిమిషాల 40 సెకన్లు ఉంటుంది. రెండోది ఫ్రీ స్కేట్. ఇది సుమారు 4 నిమిషాలు. రెండింటి స్కోర్లు కలిపితే వచ్చేదే ఫైనల్ స్కోరు. షార్ట్‌లో మొదటి 24 మందిలో ఉన్నవాళ్లకే ఫ్రీ స్కేట్ ఆడే చాన్స్. మిగతావాళ్లు ఇంటికే.

మార్చి 21న బెల్ సెంటర్‌లో షార్ట్ ప్రోగ్రామ్ జరిగింది. 20 వేల మందికి పైగా పట్టే ఐస్ హాకీ స్టేడియం అది. జపాన్‌కు చెందిన షోమా ఉనో 107.72 పాయింట్లతో టాప్‌లో నిలిచాడు. అప్పటికే వరుసగా రెండుసార్లు వరల్డ్ చాంపియన్. అదే దేశానికి చెందిన యుమా కగియామా 106.35తో రెండో స్థానంలో, అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్ 105.97తో మూడో స్థానంలో ఉన్నారు. ముగ్గురి మధ్య తేడా రెండు పాయింట్లు కూడా లేదు.

మరి ఫ్రాన్స్ స్కేటర్ ఆడమ్ సియావో హిమ్ ఫా? 2023, 2024లో వరుసగా యూరప్ చాంపియన్ అయినవాడు. పతకం ఖాయమనుకున్నవాళ్లలో ఒకడు. షార్ట్‌లో తప్పుల మీద తప్పులు చేసి 77.49తో 19వ స్థానానికి పడిపోయాడు. టాప్‌లో ఉన్న ఉనోకి, అతనికి తేడా 30 పాయింట్ల పైనే. ఈ ఆటలో అది మామూలు గ్యాప్ కాదు. ఇక పతకం సంగతి మర్చిపోవచ్చని అనుకోవడంలో తప్పేం లేదు.

చివరివాళ్లే ముందు

ఫ్రీ స్కేట్‌లో 24 మందిని ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు చేస్తారు. షార్ట్‌లో వెనకబడినవాళ్లు ముందు దిగుతారు. టాప్ ఆరుగురు చివరి గ్రూప్‌లో వస్తారు. అంటే 19వ స్థానంలో ఉన్న స్కేటర్‌ది మొదటి గ్రూప్. స్టేడియం ఇంకా నిండకముందే, జనం కాఫీ కప్పులు పట్టుకుని సీట్లు వెతుక్కుంటుండగానే అతని టర్న్ వచ్చేస్తుంది.

రెగ్యులర్‌గా వెళ్లే అభిమానులు ఈ మొదటి గ్రూప్‌ను మిస్ చేసుకోరు. పతకం ఒత్తిడి లేనివాళ్లు కొందరు ఇక్కడే ఫ్రీగా ఆడేస్తారు. తొలిసారి వరల్డ్స్‌కి వచ్చిన చిన్న దేశాల స్కేటర్లు కూడా ఎక్కువగా ఇక్కడే కనిపిస్తారు. ఒక కష్టమైన జంప్ దిగగానే ఆ కుర్రాళ్ల మొహంలో కనిపించే ఆనందం హైలైట్స్ ప్యాకేజీలో రాదు.

ఆరు నిమిషాల వార్మప్.. మిస్ అవ్వొద్దు

ప్రతి గ్రూప్ ముందు ఆరుగురూ ఒకేసారి మంచు మీదకు వస్తారు. వార్మప్‌కి ఇచ్చేది సరిగ్గా ఆరు నిమిషాలు. టీవీలో ఈ టైమ్‌లో తరచూ యాడ్స్ వస్తాయి, లేదంటే కామెంటేటర్ల కబుర్లు నడుస్తాయి. స్టేడియంలో ఉన్నవాళ్లకు మాత్రం ఇదే ప్రివ్యూ.

దాదాపు 60 మీటర్ల పొడవున్న రింక్‌లో ఆరుగురు ఆరు దిక్కులకు దూసుకుపోతుంటారు. ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా చూసుకోవాలి. జంప్‌కు రెడీ అవుతున్నవాడు వెనక్కి తిరిగి వస్తుంటాడు కాబట్టి ఎదురుగా ఎవరున్నారో సరిగ్గా కనిపించదు. ఎవరు జంప్‌ను మధ్యలో వదిలేస్తున్నారు, ఎవరు మాటిమాటికీ కోచ్ దగ్గరకు వెళ్తున్నారు, ఎవరు ఎవరినీ పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుంటున్నారు.. ఇవన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. కెమెరా ఒకసారి ఒకరినే చూపిస్తుంది. మన కళ్లకు ఆ పరిమితి లేదు.

ఫోన్‌లో కనిపించనివి మూడు

మొదటిసారి స్టేడియంలో చూసేవాళ్లను ఆశ్చర్యపరిచేది వేగం. కెమెరా స్కేటర్‌తో పాటే కదులుతుంది కాబట్టి స్క్రీన్ మీద అతను దాదాపు ఒకేచోట ఉన్నట్టు అనిపిస్తుంది. సీట్లోంచి చూస్తే రింక్ ఈ చివర నుంచి ఆ చివరకు కొన్ని సెకన్లలో వెళ్లిపోతాడు. ఆ స్పీడ్ తగ్గించకుండానే గాల్లోకి లేస్తాడు. జంప్ ఎత్తుతో పాటు అది ఎంత దూరం పోయిందనేది కూడా ఇక్కడే అర్థమవుతుంది.

రెండోది శబ్దం. పాట ఒకవైపు, బ్లేడు మంచును కోసే చప్పుడు ఇంకోవైపు. బాగా స్కేట్ చేసేవాడి బ్లేడు చప్పుడు పెద్దగా వినపడదు. జంప్ సరిగ్గా దిగకపోతే మంచు మీద గీసుకుపోయిన శబ్దం పై వరుసల దాకా వినిపిస్తుంది.

మూడోది నిశ్శబ్దం. అంతవరకు గోలగోలగా ఉన్న స్టేడియం, స్కేటర్ మధ్యలోకి వచ్చి పొజిషన్ తీసుకోగానే ఒక్కసారిగా సైలెంట్ అయిపోతుంది. క్రికెట్ స్టేడియం అలవాటున్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. వేల మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మొదటి జంప్ దిగాక వచ్చే అరుపు ఆ బిగువు విడిపోయినప్పటిది. టీవీ మైకుల్లో ఇది సగం కూడా రాదు.

జంప్‌ను గుర్తుపట్టడం ఎలా?

స్టేడియంలో కామెంటరీ ఉండదు. టీవీలో స్క్రీన్ మూలన కనిపించే స్కోర్ బాక్స్ అక్కడ అన్ని సీట్లకూ, అన్నిసార్లూ కనిపించదు. కాబట్టి కొన్ని గుర్తులు తెలిసుంటే మంచిది.

జంప్‌లు ఆరు రకాలు. ఆక్సెల్, లట్జ్, ఫ్లిప్, లూప్, సాల్కావ్, టో లూప్. వీటిలో సులువుగా కనిపెట్టగలిగేది ఆక్సెల్. ముందుకు చూస్తూ ఎగిరేది ఇదొక్కటే. మిగతా ఐదూ వెనక్కి వెళ్తూ ఎగిరేవే. దిగడం మాత్రం అన్నీ వెనక్కే. అందుకే ఆక్సెల్‌లో అర చుట్టు అదనంగా తిరగాలి. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లు. క్వాడ్ ఆక్సెల్ అంటే నాలుగున్నర.

రెండో గుర్తు ఏంటంటే.. ఎగిరే ముందు రెండో కాలి బ్లేడు ముందుభాగంతో మంచును పొడిస్తే అది లట్జ్, ఫ్లిప్, టో లూప్‌లలో ఒకటి. పొడవకుండా ఎగిరితే లూప్ లేదా సాల్కావ్. ఈ రెండు విషయాలు పట్టుకుంటే ఒక్క సాయంత్రంలోనే సగం ఆట అర్థమైపోతుంది.

ఇక చుట్లు లెక్కపెట్టడం అంటారా.. అది మామూలు కంటికి కష్టం. స్కేటర్ గాల్లో ఉండేది సెకను కంటే తక్కువ. ఆ కాస్త టైమ్‌లోనే నాలుగు చుట్లు. నిపుణులు కూడా స్లో మోషన్ రీప్లే చూసే తేలుస్తారు.

పాయింట్లు ఎలా వేస్తారు?

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా కన్‌ఫ్యూజ్ అవుతారు. పడిపోయినవాడికి ఎక్కువ, పడనివాడికి తక్కువ రావడమేంటని అడుగుతారు. లెక్క ఇదీ.

ప్రతి జంప్‌కి, స్పిన్‌కి ముందే ఫిక్స్ చేసిన ధర ఉంటుంది. 2024 నాటి పట్టికలో క్వాడ్ టో లూప్‌కి 9.50, క్వాడ్ లట్జ్‌కి 11.50, క్వాడ్ ఆక్సెల్‌కి 12.50. దాన్ని ఎంత బాగా చేశాడనే దాన్ని బట్టి తొమ్మిది మంది జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా మార్కులు వేస్తారు. అందులో అతి ఎక్కువ, అతి తక్కువ మార్కులు తీసేసి మిగతావాటి సగటు తీసుకుంటారు. ఫ్రీ స్కేట్ రెండో సగంలో చేసే చివరి మూడు జంప్‌లకు 10 శాతం బోనస్ ఉంటుంది. అలిసిపోయాక చేస్తున్నాడు కదా.. దానికి కూలి అన్నమాట.

చుట్లు సరిపోయాయా లేదా అనేది చూడటానికి వేరే టెక్నికల్ ప్యానెల్ ఉంటుంది. అర చుట్టు, అంతకంటే ఎక్కువ తగ్గితే క్వాడ్‌ను ట్రిపుల్‌గానే లెక్కిస్తారు. బయటికి చక్కగా దిగినట్టు కనిపించినా స్కోరు పడిపోవడానికి కారణం తరచూ ఇదే. స్కేటర్ కోచ్ పక్కన కూర్చుని స్కోరు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ ఈ రీప్లేలే నడుస్తుంటాయి. ఆ కూర్చునే చోటుకి "కిస్ అండ్ క్రై" అని పేరు. ముద్దులైనా అక్కడే, ఏడుపులైనా అక్కడే.

వీటికి తోడు ప్రోగ్రామ్ కూర్పుకి, ప్రదర్శనకి, స్కేటింగ్ నైపుణ్యానికి వేరుగా మార్కులుంటాయి. ఒకసారి పడితే 1 పాయింట్ కోత.

ఆ బ్యాక్‌ఫ్లిప్ సంగతి

మళ్లీ మాంట్రియల్‌కి వద్దాం. మార్చి 23, శనివారం సాయంత్రం. మనకైతే ఆదివారం తెల్లవారుజాము. మొదటి గ్రూప్‌లో దిగిన సియావో హిమ్ ఫా క్వాడ్‌లు ఒకదాని తర్వాత ఒకటి దించేశాడు. అంతటితో ఆగలేదు. మధ్యలో బ్యాక్‌ఫ్లిప్ కొట్టాడు!

ఇప్పుడు రీల్స్‌లో తిరిగే బ్యాక్‌ఫ్లిప్‌లు చూసి "ఇందులో గొప్పేముంది" అనుకోవచ్చు. కానీ ఆ రోజుకి పోటీల్లో బ్యాక్‌ఫ్లిప్ నిషేధం. ప్రమాదకరమని 1970ల్లోనే ఆపేశారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ స్కేటర్ సూర్యా బోనాలీ దాన్ని చేసి, ఒంటికాలి మీద దిగి చరిత్రకెక్కింది. పాయింట్లు మాత్రం పోగొట్టుకుంది. మాంట్రియల్‌లో కూడా దానికి శిక్ష 2 పాయింట్ల కోత. అది తెలిసే చేశాడు సియావో హిమ్ ఫా. 19వ స్థానంలో ఉన్నవాడికి పోయేదేముంది అన్నట్టు!

స్కోరు వచ్చింది. కోత పోను 206.90. మొత్తం 284.39. లీడ్‌లోకి వెళ్లాడు. ఇంకా 18 మంది మిగిలే ఉన్నారు.

ఎదురుచూపే అసలు ఆట

టీ20లో మొదట బ్యాటింగ్ చేసిన జట్టు స్కోరు పెట్టేసి, అవతలి జట్టు ఛేజింగ్ చూస్తూ కూర్చోవడం తెలుసు కదా.. ఇదీ అలాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ బౌలింగ్ చేసి ఆపే అవకాశం కూడా లేదు. చేతిలో ఏమీ లేదు. చూస్తూ ఉండాల్సిందే.

రెండో గ్రూప్ అయిపోయింది. మంచును సాఫీ చేసే జాంబోనీ బండి వచ్చి వెళ్లేదాకా విరామం. మూడో గ్రూప్ కూడా అయిపోయింది. ఆ 284.39ని ఎవరూ దాటలేదు. అప్పటికి స్టేడియంలో లెక్కలు మొదలవుతాయి. పక్క సీట్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తారు. "వీడికి ఫ్రీలో 180 వస్తే చాలు".. "వాడికి 177 చాలు".. ఇవే మాటలు.

చివరి గ్రూప్ వచ్చింది. కగియామా 203.30 చేసి మొత్తం 309.65తో దాటాడు. మాలినిన్ అయితే మరో లోకంలో ఉన్నాడు. క్వాడ్ ఆక్సెల్‌తో మొదలుపెట్టి మొత్తం ఆరు క్వాడ్‌లు దించాడు. ఫ్రీ స్కేట్‌లో 227.79. అప్పటికి అది ప్రపంచ రికార్డు. మొత్తం 333.76తో గోల్డ్. 19 ఏళ్ల వయసులో మొదటి వరల్డ్ టైటిల్. తెలుగువాళ్లు బాగా ఉండే ఉత్తర వర్జీనియాలోనే ఈ కుర్రాడు పెరిగాడు. తల్లిదండ్రులిద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్‌లో ఆడిన స్కేటర్లే.

మరి షార్ట్‌లో టాప్‌లో ఉన్న ఉనో? అతనికి కాంస్యం దక్కాలంటే ఫ్రీలో 177 వస్తే చాలు. తప్పులు దొర్లాయి. 173.13 వచ్చింది. మొత్తం 280.85. అంటే 3.54 పాయింట్ల తేడాతో నాలుగో స్థానం. 19వ స్థానం నుంచి వచ్చి, కావాలని 2 పాయింట్లు వదిలేసుకున్న కుర్రాడు పోడియం ఎక్కాడు. రెండుసార్లు వరల్డ్ చాంపియన్ కింద ఉండిపోయాడు. ఆ తర్వాత రెండు నెలల్లోపే ఉనో పోటీల నుంచి రిటైర్ అయ్యాడు. అంటే ఆ రాత్రి బెల్ సెంటర్‌లో ఉన్నవాళ్లు అతని చివరి వరల్డ్స్ ప్రదర్శన చూశారు. అది చివరిదని ఆ క్షణంలో వాళ్లకు తెలియదు.

కొసమెరుపు ఏంటంటే.. 2024-25 సీజన్ నుంచి బ్యాక్‌ఫ్లిప్ మీద నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు చేసినా కోత లేదు.

మిలాన్‌లోనూ అదే కథ

ఇది ఒక్కసారి జరిగిన వింత అనుకుంటే పొరపాటే. 2026 ఫిబ్రవరిలో మిలాన్ వింటర్ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి మాలినిన్‌కి వ్యక్తిగత పోటీల్లో రెండేళ్లకు పైగా ఓటమే లేదు. షార్ట్ ప్రోగ్రామ్‌లో 108.16తో టాప్. గోల్డ్ అతనిదేనని అందరూ ఫిక్స్ అయిపోయారు.

ఫ్రీ స్కేట్‌లో అతని క్వాడ్ ఆక్సెల్ గాల్లోనే విడిపోయి సింగిల్ అయింది. 12 పాయింట్ల పైన రావాల్సిన చోట ఒకటి రెండు కూడా గగనమే. ఆ తర్వాత రెండుసార్లు కింద పడ్డాడు. చివరికి ఎనిమిదో స్థానం. షార్ట్ తర్వాత ఐదో స్థానంలో ఉన్న కజకిస్తాన్ స్కేటర్ మిఖాయిల్ షైదొరోవ్ 291.58తో గోల్డ్ కొట్టేశాడు. కగియామాకి సిల్వర్, జపాన్‌కే చెందిన షున్ సాటోకి కాంస్యం. తన ఆట ముగించుకుని పక్కన కూర్చున్న షైదొరోవ్, తన తర్వాత వచ్చినవాళ్ల స్కోర్లు చూస్తూ చూస్తూ ఒలింపిక్ చాంపియన్ అయిపోయాడు.

స్టేడియంలో ఇలాంటి రాత్రి జనం ఏం చేస్తారు? పడిపోయినవాడి కోసం ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు. పడి లేచినవాడికి పాట చివరి నిమిషంలో తాళం వేసి సాయం పడతారు. ఈ ఆట అభిమానుల్లో బాగా కనిపించే అలవాటు ఇది. ఒకరి ఫ్యాన్స్ ఇంకొకరు పడితే నవ్వడం ఇక్కడ మర్యాద కాదు.

బొమ్మల వాన.. కొన్ని రూల్స్

థియేటర్లో హీరో ఎంట్రీకి పేపర్లు ఎగరేసినట్టు, ఇక్కడ ఆట అయిపోగానే బొమ్మలు విసురుతారు. జపాన్ స్టార్ యుజురు హన్యూ ఆట ముగిస్తే పసుపు రంగు 'విన్నీ ది పూ' బొమ్మలు వానలా కురిసేవి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో వాటిని ఏరడానికి చిన్నపిల్లల బృందమే మంచు మీదకు దిగాల్సి వచ్చింది. హన్యూ ఆ రోజు వరుసగా రెండో ఒలింపిక్ గోల్డ్ గెలిచాడు.

పూలు విసరాలంటే ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా చుట్టి ఉండాలి. ఒక్క రేకు మంచు మీద పడినా తర్వాత వచ్చేవాడి బ్లేడు కింద పడి ప్రమాదం. అందుకే కొన్ని పోటీల్లో విసరడాన్నే పూర్తిగా ఆపేశారు. వెళ్లే ముందు రూల్స్ చూసుకోవాలి.

ఫ్లాష్ ఫొటోలు వద్దు. స్కేటర్ ఆడుతుండగా సీట్లోంచి లేవొద్దు. ఆట మధ్యలో తలుపు దగ్గరకు వస్తే ఆ స్కేటర్ పూర్తి చేసేదాకా లోపలికి పంపరు. స్వెటర్ తప్పనిసరి. కింద మంచు, పైన చల్లగాలి.. ఫ్రీ స్కేట్ మొత్తం చూడాలంటే మూడు, నాలుగు గంటలు కూర్చోవాలి. మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు గంటలోనే కాళ్లు చల్లబడిపోతాయి.

సీటు విషయంలో ఒక చిట్కా. రింక్ పక్కనే ఉన్న సీట్లకు రేటు ఎక్కువ. వేగం, శబ్దం అక్కడ బాగా తెలుస్తాయి. కానీ స్కేటర్ మంచు మీద ఎక్కడెక్కడికి వెళ్తున్నాడో, ఆ ప్రోగ్రామ్ బొమ్మ ఎలా ఉందో మొత్తం కనిపించాలంటే పై వరుసలే బెటర్. రేటు తక్కువ కూడా.

ఫోన్‌లోనే చూస్తాం అంటారా?

అందరికీ మాంట్రియల్, మిలాన్ వెళ్లడం కుదరదు. పర్లేదు. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ తన యూట్యూబ్ చానల్‌లో జూనియర్ గ్రాండ్ ప్రీ పోటీలను ఉచితంగా లైవ్ ఇస్తూ వచ్చింది. రేపటి స్టార్లు ముందు కనిపించేది అక్కడే. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో ఆ సీజన్ మొదలవుతుంది.

చూసేటప్పుడు ఒక పని చేయండి. క్లిప్‌ల కోసం ఆగకుండా ఏదైనా ఒక ఫ్రీ స్కేట్‌ను మొదటి గ్రూప్ నుంచి పెట్టండి. ఒక పేపర్ మీద లీడ్‌లో ఉన్నవాడి స్కోరు రాసుకోండి. తర్వాత వచ్చే ప్రతి ఒక్కరికీ ఎంత కావాలో తీసేసి చూడండి. రెండో గ్రూప్ వచ్చేసరికి, ఎవరో తెలియని దేశానికి చెందిన, పేరు కూడా సరిగ్గా పలకలేని ఒక కుర్రాడి స్కోరు నిలబడాలని మీరే కోరుకుంటుంటారు. అక్కడి నుంచి మీరూ ఫ్యానే!